అరకు ఘాట్‌కి ఫోర్ వీల్ డ్రైవ్ కావాలా?

చలికాలం వచ్చిందంటే విశాఖ నుంచి అరకు, లంబసింగి వైపు కార్లు బారులు తీరతాయి. కొత్తగా ఎస్‌యూవీ కొనేవారికి అక్కడే ఒక సందేహం: వెనక చక్రాల బండి చాలా, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందేది కావాలా? ధరలో తేడా లక్షల్లో ఉంటుంది.

బొలెరో, ఇన్నోవా క్రిస్టా వెనక చక్రాల బళ్లు. ఘాట్ ఎక్కేటప్పుడు బరువు వెనక్కి వాలుతుంది కాబట్టి ఆ చక్రాలకు నేల మీద పట్టు పెరుగుతుంది. జనంతో నిండిన జీపు తేలిగ్గా ఎక్కేది అందుకే. ఖాళీ బండిని తడి మలుపులో ఎడాపెడా రేజ్ చేస్తే మాత్రం వెనక భాగం పక్కకు జారుతుంది.

ఫోర్ వీల్ డ్రైవ్ గొప్పతనం బురదలో తెలుస్తుంది. వెనక చక్రాలు ఊరికే తిరుగుతుంటే ముందువి లాగుతాయి. మూడు డోర్ల థార్ ఫోర్ బై ఫోర్‌లో గేరు రాడ్ పక్కన ఇంకో పొట్టి రాడ్ ఉంటుంది. మామూలు రోడ్డుకు టూ హై, జారే నేలకు ఫోర్ హై, నిటారు బురద దారికి ఫోర్ లో. మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ ఒకే దూరం తిరగవు. అందుకే పొడి తారురోడ్డు మీద ఫోర్ హైలో నడిపితే లోపలి భాగాలు బిగుసుకుని పాడవుతాయి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఫోర్ వీల్ డ్రైవ్ బండిని కదిలిస్తుంది గానీ ఆపదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి, ఆపే పట్టు టైర్లది. షికాగో, డెట్రాయిట్‌లలో ఉండే మనవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. చలి 7 డిగ్రీల కంటే దిగితే మామూలు టైరు రబ్బరు గట్టిపడుతుంది. ఆల్ వీల్ డ్రైవ్ ఉన్నా వింటర్ టైర్లు వేయించేది అందుకే.

మన ఘాట్‌లలో హిమం పేరుకోదు. ఉండేది పొగమంచు, తడిసిన తారు. టైరు గాడిలో అడ్డంగా చిన్న రబ్బరు గట్లు కనిపిస్తాయి. పై రబ్బరు అరిగి వాటితో సమానమైతే గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చినట్టే, టైరు మార్చాలి. దిగేటప్పుడు న్యూట్రల్ వద్దు, రెండో గేరు వేయండి. పొగమంచులో డిమ్ లైటే మేలు.

వానాకాలంలో గూడేల మట్టిదారుల్లో తిరిగేవారు ఫోర్ వీల్ డ్రైవ్ కొనుక్కోవచ్చు. సెలవులకు తారురోడ్డు మీద అరకు వెళ్లొచ్చేవారికి వెనక చక్రాల బండి చాలు. మిగిలిన డబ్బులో కొంత మంచి టైర్లకు పెట్టండి.