పలకల మీదే పీఠం

ఇశ్రాయేలీయుల ప్రత్యక్ష గుడారంలో తెర అవతల అతిపరిశుద్ధ స్థలం. అందులో తుమ్మకర్రతో చేసి బంగారు రేకు పొదిగిన మందసం, పొడవు రెండున్నర మూరలు, వెడల్పు మూరన్నర. లోపల పది ఆజ్ఞల రాతిపలకలు. పైన అదే కొలతకు మేలిమి బంగారంతో చేసిన మూత, కరుణాపీఠం. ఏటా ఏడో నెల పదో రోజున మాత్రమే ప్రధాన యాజకుడు లోపలికి వెళ్లి దాని మీద రక్తం ప్రోక్షించేవాడు. ఆ పలకలు మొదటివి కావు. ప్రజలు బంగారు దూడకు మొక్కినప్పుడు మోషే మొదటివాటిని పగలగొట్టాడు. దేవుడు క్షమించాడు, రెండో జత మీద మళ్లీ అవే ఆజ్ఞలు రాశాడు. క్షమించిన తర్వాత ఒక్క ఆజ్ఞ కూడా తగ్గలేదు. క్రైస్తవ విశ్వాసంలో కరుణ ధర్మాన్ని సడలించడం కాదనడానికి ఇంతకన్నా బలమైన సాక్ష్యం నాకు కనబడదు.

అయినా పాత నిబంధన దేవుడు కోపిష్ఠి, కొత్త నిబంధన దేవుడు దయామయుడు అన్న మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. రెండో శతాబ్దంలో మార్కియోన్ ఇద్దరినీ పూర్తిగా విడదీసేశాడు. రోమా సంఘం 144లో అతణ్ణి వెలివేసింది. సంఘం చేసింది సబబే. పాత నిబంధనలోని హోషేయ గ్రంథంలో దేవుడు ఎఫ్రాయిమును, అంటే ఇశ్రాయేలును, నాశనం చేయనంటాడు. అందుకు ఆయన చెప్పే కారణం, తాను మనిషిని కాననీ, పరిశుద్ధుణ్ణనీ. పరిశుద్ధుడు గనక శిక్షించాలని మనం అనుకుంటాం. అక్కడ పరిశుద్ధుడు గనకే కోపం ఆగింది. యెషయా దర్శనంలోనూ బలిపీఠపు నిప్పు అతని పెదవుల్ని తాకి దోషాన్ని తీసేసింది, మనిషిని మిగిల్చింది.

మరి దేవుడు ఊరికే క్షమించలేడా, సిలువ దేనికి? 16వ శతాబ్దంలో ఫౌస్తుస్ సొకీనుస్ ఈ ప్రశ్నను గట్టిగా అడిగాడు. ఒకరి శిక్ష మరొకరు మోయడం న్యాయమెలా అవుతుందనీ నిలదీశాడు. ఇది తేలిగ్గా తోసిపుచ్చే ప్రశ్న కాదు. కానీ అప్పు మాఫీ చేస్తే ఆ సొమ్ము ఎక్కడికీ మాయమైపోదు, ఇచ్చినవాడు నష్టపోతాడు. మత్తయి సువార్తలోని ఉపమానంలో రాజు పదివేల తలాంతులు వదులుకున్నప్పుడు ఆ లోటు ఆయన ఖజానాదే. యేసు దేవుడికీ మనిషికీ మధ్య చిక్కుకున్న మూడో మనిషైతే సొకీనుస్ మాటే నిజం. కానీ కుమారుడు తండ్రితో ఏకతత్త్వం గలవాడని 325లో నికయ సభ ఒప్పుకుంది. అంటే తీర్పరే నష్టాన్ని తన మీద వేసుకున్నాడు. రోమీయులకు రాసిన పత్రికలో పౌలు క్రీస్తుకు వాడిన గ్రీకు మాట ఆ మందసపు మూత పేరే. తెలుగు బైబిలు అక్కడ కరుణాధారం అంటుంది. సిలువను న్యాయస్థానపు భాషలోనే చెప్పాలని సంఘాలన్నీ అనలేదు. తూర్పు సంఘాలు మరణం మీద విజయాన్నే ముందు చెబుతాయి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసే ఆక్షేపణ వేరే ఉంది. దేవుడు దోషిని క్షమిస్తే, దెబ్బతిన్నవాడి గతి ఏమిటి? హేబెలు రక్తం నేలలోంచి మొరపెడుతోందని ఆదికాండం అంటుంది. ఆ మొర వినని దయ దయే కాదు. దేవుడి కోపం లేకుండా పోవాలని కోరేవాళ్లు, బీదవాణ్ణి చెప్పుల జత కోసం అమ్మేసిన రోజుల్లో ఆమోసు ప్రవక్త ఎందుకంతగా మండిపడ్డాడో ఒకసారి చదవాలి. ఆ కోపం నలిగినవాడి పక్షాన నిలబడిన ప్రేమ. దోషిని క్షమించే దయ దెబ్బతిన్నవాణ్ణి మరవదని జక్కయ్య విషయంలో మరీ స్పష్టం. యెరికోలో మేడిచెట్టెక్కిన ఆ సుంకపు గుత్తదారుణ్ణి యేసు ఏ షరతూ పెట్టకుండా పిలిచి, అతని ఇంటికి అతిథిగా వెళ్లాడు. తప్పు ఒప్పుకున్నవాడు అసలు సొమ్ముకు ఐదోవంతు కలిపి తిరిగివ్వాలని ధర్మశాస్త్రం. దొంగిలించిన గొర్రెను కోసినా అమ్మినా నాలుగు గొర్రెలివ్వాలి. జక్కయ్య ఐదోవంతు దగ్గర ఆగలేదు. అన్యాయంగా లాక్కున్నదానికి నాలుగింతలు తిరిగిస్తాననీ, ఆస్తిలో సగం బీదలకనీ లేచి నిలబడి చెప్పాడు.