పిండంలో జన్యు సవరణ: ఎందుకు నిషిద్ధం?

సూరత్‌లోని ఉధ్నా నుంచి జల్‌గావ్ వెళ్లే రైలు మార్గం వ్యారా దాటాక గిరిజన గ్రామాల గుండా సాగుతుంది. చౌధరీ, గామిత్, వసావా తెగలలో సికిల్ సెల్ రక్తవ్యాధి తరతరాలుగా ఉన్నది. తల్లిదండ్రులిరువురూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం. పిండంలోనే ఆ జన్యువును సరిదిద్దితే తప్పేమిటన్న ప్రశ్న సహజమే.

రోగి మూలకణాలను వెలికితీసి, సవరించి, తిరిగి ఎక్కించే చికిత్సకు 2023లో బ్రిటన్ ఆమోదం తెలిపింది. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. ఈ గ్రామాలకు అది మరొక లోకం. అయినా ఆ మార్పు రోగితోనే ముగుస్తుంది. పిండంలో చేసిన మార్పు సంతతికీ సంక్రమిస్తుంది. సమ్మతి తెలపవలసిన వ్యక్తి ఇంకా పుట్టనే లేదు.

2018లో చైనా శాస్త్రవేత్త హె జియాన్‌కుయ్ హెచ్‌ఐవీ నిరోధకత పేరిట కవల బాలికల పిండాలను సవరించారు. తండ్రి నుంచి ఆ వైరస్ సోకకుండా చూసే సులువైన పద్ధతి అప్పటికే ఉన్నది! 2019లో ఆయనకు మూడేళ్ల జైలుశిక్ష పడింది. భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలూ ఇటువంటి సవరణను నిషేధించాయి.

సికిల్ సెల్‌కూ సులువైన మార్గం రక్తపరీక్షే. 2023లో ఆరంభమైన జాతీయ మిషన్ కింద ఫలితాన్ని కార్డుగా ఇస్తున్నారు. వధూవరులు పెళ్లికి ముందే వాటిని సరిచూసుకోవచ్చు.