మంత్రిగారి ఇంట ఇద్దరు తిక్కనలు

పెన్నానది సముద్రాన్ని చేరబోయే ముందు దాని ఒడ్డున నెల్లూరు పట్టణం వస్తుంది. పూర్వం ఆ ఊరికి విక్రమసింహపురి అని పేరు. 13వ శతాబ్దంలో దాన్ని మనుమసిద్ధి అనే రాజు ఏలేవాడు. ఆయన మంత్రి తిక్కన. భారతం రాసిన తిక్కనను మీరెరుగుదురు. కాని ఆ ఇంట్లోనే ఇంకొక తిక్కన ఉండేవాడని మీలో ఎందరికి తెలుసు?

వాళ్లది కొట్టరువు వారి వంశం. తాత పేరు మంత్రి భాస్కరుడు. ఆయన కొడుకుల్లో కొమ్మనకు పుట్టినవాడు కవి తిక్కన. సిద్ధనకు పుట్టినవాడు రెండో తిక్కన. ఇద్దరికీ ఒకే పేరు కావటాన, కత్తి పట్టినవాణ్ణి ఖడ్గతిక్కన అన్నారు.

రాజుకు మంత్రిగా ఉండటం కత్తిమీద సాము. ఇంగ్లండులో ఎనిమిదవ హెన్రీని ఏళ్ల తరబడి కొలిచిన మంత్రి థామస్ క్రాంవెల్ తలను, 1540లో ఆ రాజే తీయించాడు! మన మనుమసిద్ధి మాత్రం తిక్కనను "మామా" అని పిలిచేవాడు. అలా పిలుస్తున్నందుకు నీ కావ్యకన్యను నాకివ్వమని చమత్కారంగా అడిగాడు కూడా. ఇక తప్పుతుందా? తిక్కన నిర్వచనోత్తర రామాయణం రాసి రాజుకు అంకితమిచ్చాడు. శత్రువులు నెల్లూరు కాజేసినప్పుడు ఆయన ఓరుగల్లు వెళ్లి, కాకతీయ గణపతిదేవుణ్ణి మెప్పించి, రాజుకు గద్దె తిరిగి ఇప్పించాడని చెబుతారు.

ఖడ్గతిక్కనకు అలాటి అదృష్టం లేదు. అతని కథ జనం చెప్పుకునేది ఇలా ఉంటుంది:

కాటమరాజు అనే గొల్లదొర కరువుకు తాళలేక ఆవుల మందలతో నెల్లూరు సీమ అడవులకు వచ్చాడు. మేపుకున్నందుకు పుల్లరి చెల్లిస్తానన్నాడు. తరవాత తగాదా వచ్చి, చెల్లించనన్నాడు. గడ్డి కోసం మొదలైన తగవు పాలేటి ఒడ్డున యుద్ధంగా మారింది. ఖడ్గతిక్కన సేనతో వెళ్లాడు. సేన చెదిరిపోయింది. అతను ఒంటరిగా ఇంటికి తిరిగి వచ్చాడు.

భార్య చానమ్మ మంచం అడ్డుపెట్టి, ఆ చాటున స్నానానికి నీళ్లూ పసుపుముద్దా ఉంచింది. ఇదేమిటని అతను అడిగితే, ఇంట్లో ఇప్పుడు ఆడవాళ్లం ముగ్గురమయ్యాం గదా అన్నది. భోజనానికి కూచుంటే తల్లి ప్రోలమ్మ విరిగినపాలు వడ్డించింది. ఓడి చెదిరిన సైన్యాన్ని కూడా "విరిగింది" అనే అంటారు. కొడుక్కు అర్థమయింది. అతను తిరిగి యుద్ధానికి వెళ్లి ప్రాణం విడిచాడు. ఆ తల్లి, ఆ భార్య చేసింది మెచ్చుకునేవారు చాలామంది. నాకు మాత్రం, ఆ రాత్రి వాళ్లిద్దరికీ నిద్ర పట్టి ఉంటుందా అనిపిస్తుంది.

కవి తిక్కన యజ్ఞం చేసి సోమయాజి అయాడు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆపిన భారతాన్ని విరాటపర్వం నుంచి ఎత్తుకుని 15 పర్వాలు చెప్పాడు. ఆయన చెబుతూంటే కుమ్మరి గురునాథుడు తాటాకులమీద రాశాడని ప్రతీతి. ఈసారి అంకితం రాజుకు కాదు, హరిహరనాథుడికి. మిగిలిపోయిన అరణ్యపర్వభాగాన్ని తరవాత ఎర్రన పూరించాడు.

ఈ వంశం సంగతులు మనకెలా తెలిశాయంటారా? కేతన అనే కవి దశకుమారచరిత్ర రాసి తిక్కనకు అంకితమిస్తూ, మొదట్లోనే ఆ ఇంటివారినందరినీ వర్ణించాడు. ఖడ్గతిక్కనను బతికించినది ఇంకొకరు. అతను ఎవరిమీదికి కత్తి దూశాడో ఆ గొల్లలే, తమ కాటమరాజు కథ పాడుతూ, అతని వీరత్వాన్నీ పాడుతూ వచ్చారు.