ముందు చెవికి ఇంగ్లిష్ నేర్పండి

బనగానపల్లెలో డిగ్రీ చదువుతున్నారా? పరీక్షలో ఇంగ్లిష్ మార్కులు బాగానే వస్తుంటాయి. ఫోన్ ఇంటర్వ్యూలో మాత్రం అవతలివాళ్లు అడిగింది సగమే అర్థమవుతుంది. స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సుకు డబ్బు కట్టేముందు ఓ మాట. చాలామందిలో లోపం నోటిది కాదు, చెవిది.

తెలుగు మాట ఎక్కువగా అచ్చుతో ఆగుతుంది. బస్, రోడ్ లాంటివాటినీ మనం బస్సు, రోడ్డు చేసేసుకున్నాం. ఇంగ్లిష్ మాట హల్లుతో ఆగి, పక్కమాటలోని అచ్చును పట్టుకుంటుంది. ‘నాట్ ఎట్ ఆల్’ కాస్తా ‘నాటెటాల్’ అయిపోతుంది. ‘టు, ఆఫ్, హ్యావ్’ లాంటి చిన్నమాటలు నలిగిపోతాయి. పుస్తకంలో అన్నీ విడివిడిగా ఉంటాయి. అందుకే చదివితే తెలిసిన వాక్యమే వింటే తెలియదు.

వీడియో పనికొచ్చేది ఇక్కడే. క్రికెట్ చూడండి. బంతి అంచుకు తగిలి స్లిప్‌లో చిక్కింది. జరిగింది కంటికి తెలుసు కాబట్టి కామెంటరీని చెవి సులువుగా అందుకుంటుంది. హైదరాబాద్‌లో పుట్టిన హర్షా భోగ్లే మాటలతో మొదలుపెట్టండి. తర్వాత అదే క్లిప్‌ను ఫోన్ బోర్లా పెట్టి వినండి.

తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టుకుంటే అది వినడం కాదు, చదవడం. రెండు నిమిషాల ముక్క చాలు. మొదట ఏ అక్షరాలూ లేకుండా విని, పట్టుబడినంత రాయండి. అందనిచోట ఖాళీ వదిలేయండి. ఆపై ఇంగ్లిష్ క్యాప్షన్లు ఆన్ చేసి ఖాళీలు నింపండి. మళ్లీ ఆఫ్ చేసి వినండి. వేగం 0.75కు తగ్గించుకోవచ్చు గానీ అలవాటు చేసుకోకండి. ఇంటర్వ్యూ చేసేవాళ్లకు ఆ బటన్ ఉండదు!

యూజీసీ 1984 ఆగస్టు 15న దూరదర్శన్‌లో ‘కంట్రీవైడ్ క్లాస్‌రూమ్’ మొదలుపెట్టినప్పుడు ప్రసారమయ్యే వేళకు టీవీ ముందు కూర్చోవాల్సిందే. మీకు వెనక్కి తిప్పే వీలుంది, ఉచితంగానే. బీబీసీ ‘6 మినిట్ ఇంగ్లిష్’ వింటే మాటల పాఠం కూడా దొరుకుతుంది. ఎన్‌పీటెల్ పాఠాలనూ వదలకండి. మిమ్మల్ని ఇంటర్వ్యూ చేసేది లండన్‌వాళ్లకన్నా చెన్నై, పుణెవాళ్లే అయ్యే అవకాశం ఎక్కువ. ఆ యాస చెవికి పడాలి.

పరీక్షల్లో మాత్రం రెండో అవకాశం లేదు. ఐఈఎల్‌టీఎస్ లిజనింగ్‌లో 40 ప్రశ్నలుంటాయి, ఆడియో ఒక్కసారే వినిపిస్తారు. కొన్ని కంపెనీలు పెట్టే వెర్సాంట్ స్పీకింగ్ టెస్టులో విన్న వాక్యాన్ని ఉన్నదున్నట్టు తిరిగి చెప్పాలి. అందుకే వారానికోసారి కొత్త క్లిప్ తీసుకుని, ఒక్కసారే విని, సారాంశం పైకి చెప్పి రికార్డు చేసుకోండి. నంద్యాల బస్సులో అయితే ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకోండి, కండక్టర్ కేకా వినపడాలిగా.