తరుగుకు కట్టే ధర

సూపర్‌మార్కెట్లో ప్లాస్టిక్ కవర్లో దొరికే చెడ్డార్ చీజ్‌కీ, గుడ్డ చుట్టి ఏడాదికి పైగా మాగబెట్టిన చెడ్డార్‌కీ ధరలో కొన్ని రెట్ల తేడా ఉంటుంది. అదంతా ‘పాతకాలపు’ అనే ముద్రకు కట్టే డబ్బని చాలామందికి అనుమానం. నిజానికి అందులో పెద్ద వాటా తరుగుది, ఎదురుచూపుది. ప్లాస్టిక్‌లో బిగించిన దిమ్మ గిడ్డంగిలోకి ఎంత బరువుతో వెళ్లిందో దాదాపు అంతే బరువుతో బయటికొస్తుంది. గుడ్డలోంచి మాత్రం నెలల తరబడి తేమ పోతూనే ఉంటుంది. దిమ్మ తేలికవుతుంది, రుచి చిక్కబడుతుంది. అమ్మాల్సిన సరుకును తెలిసి తెలిసి గాలికి వదలడం మామూలు వ్యాపారి చేసే పని కాదు. సొంత భూమి, సొంత పశువులు ఉండి, తొందరపెట్టే వాటాదారులు లేని కుటుంబాలే దాన్ని ఎక్కువగా నిలబెట్టాయి.

ఇంగ్లండ్ నైరుతి మూల సోమర్‌సెట్ కౌంటీలో నార్త్ క్యాడ్‌బరీ అనే ఊళ్లోని మేనర్ ఫామ్ అలాంటి కుటుంబానిదే. 1911లో సర్ ఆర్చిబాల్డ్ లాంగ్‌మన్ ఆ పొలం కొన్నాడు. మాంట్‌గోమరీ చెడ్డార్‌కు పేరు తెచ్చిన జేమీ మాంట్‌గోమరీ ఆయన మనవడు. సొంత మంద పాలను కాచకుండానే వాడతారు. తోడు కూడా ఒకటే కాదు, రోజుకో రకం మారుస్తారు. అందుకే సోమవారం దిమ్మకీ మంగళవారం దిమ్మకీ రుచిలో తేడా వస్తుంది. రెన్నెట్ అనే ఎంజైమ్ వేసి పాలు గడ్డకట్టాక, ఆ గడ్డను తరిగి, నీరు వంపి, మిగిలినదాన్ని పలకలుగా కోసి, ఒకదానిమీద ఒకటి పేర్చి తిరగేస్తూ ఉంటారు. ఆ బరువుకు మిగిలిన నీరు దిగిపోతుంది, పులుపు ఎక్కుతుంది. ‘చెడ్డారింగ్’ అనేది ఈ పనినే. తర్వాత పలకలను మేకుల మరలో వేస్తారు. అది కత్తిలా నున్నగా కోయదు, చీరుతుంది. ఈ చీజ్ పొడిపొడిగా విరగడానికి ఆ చీరుడే కారణమంటారు. ఉప్పు కలిపి, అచ్చులో ఒత్తి, పంది కొవ్వు పూసిన గుడ్డ చుడితే పాతిక కిలోల దిమ్మ తయారు. ఆపైన ఏడాది, ఏడాదిన్నర దాన్ని తిప్పుతూ బల్లల మీద ఉంచాలి. గుడ్డ మీద బూజు పెరుగుతుంది, ఆ బూజును తినే సన్నని పురుగులూ చేరతాయి. వాటిని దులపడమే ఒక ఉద్యోగం.

ఈ పద్ధతి ఒకప్పుడు అక్కడ మామూలు సంగతి. చెడ్డార్ అనే ఊరు ఉన్నదీ సోమర్‌సెట్‌లోనే. 19వ శతాబ్దంలో జోసెఫ్ హార్డింగ్ వేడికి, పులుపుకు కొలతలు పెట్టి తయారీని ఒక దారికి తెచ్చాడు. రెండో ప్రపంచ యుద్ధం దాన్ని దెబ్బతీసింది. ప్రభుత్వం పాలను ఒకే రకం రేషన్ చీజ్‌కు మళ్లించింది. 1954 దాకా రేషన్ సాగింది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు బ్రిటన్‌లో 3,500 మంది దాకా చీజ్ తయారీదారులు ఉండేవారనీ, రెండోది ముగిసేసరికి వందమందైనా మిగల్లేదనీ చెబుతారు. ఆ తర్వాత ప్లాస్టిక్ దిమ్మలొచ్చాయి. పేర్చడం తేలిక, కోయడం తేలిక, తరుగు లేదు. ఫ్యాక్టరీలు అటు వెళ్లాయంటే తప్పుపట్టలేం.

అయితే ఇదంతా పాతమోజు కాదా అంటే, ఇలాంటి చెడ్డారే చేసే వెస్ట్‌కూంబ్ డెయిరీని చూడండి. అక్కడ కొండలోకి తొలిచిన గదిలో దిమ్మల్ని తిప్పి బ్రష్ చేసేది ఒక రోబో. దాని పేరు టీనా ద టర్నర్! మరను వాళ్లు కాదనలేదు, తరుగునూ వదులుకోలేదు. పచ్చిపాలలో క్రిముల భయం మాత్రం కొట్టిపారేయలేనిది. పచ్చిపాల చీజ్‌ను కనీసం 60 రోజులు మాగబెట్టాలని అమెరికా నిబంధన. ఏడాది దాటిన చెడ్డార్ దాన్ని సులువుగానే దాటుతుంది. తేమ తగ్గడం, పులుపు, ఉప్పు కూడా రక్షణే. కానీ పాలు పిండే దగ్గర శుభ్రత లేకపోతే ఏ గుడ్డా కాపాడదు. ఇక ధర మాట. 2024లో లండన్‌లోని నీల్స్ యార్డ్ డెయిరీ అనే చీజ్ దుకాణం నుంచి కొనుగోలుదారు వేషంలో మోసగాళ్లు 22 టన్నుల చెడ్డార్ కొట్టేశారు. 950 దిమ్మలు, విలువ 3 లక్షల పౌండ్లు. అంటే కిలో దాదాపు 14 పౌండ్లు. ఆ దుకాణం నష్టం తానే భరించి తయారీదారులకు డబ్బు చెల్లించింది. లేకపోతే ఏడాదికి పైగా పెట్టిన గడ్డి, పాలు, కూలి ఒక్కసారిగా పోయేవి.

శాకాహారులకు మాత్రం ఒక హెచ్చరిక. కొవ్వు పూసిన గుడ్డను ఒలిచి పారేయొచ్చు గానీ, పాలలో కలిసిన రెన్నెట్‌ను తీయలేం. ఈ పాత తరహా చెడ్డార్ల తయారీలో పలువురు వాడేది దూడ కడుపులోంచి తీసినదే. విదేశాల్లో కొనేవాళ్లు ధర కంటే ముందు ఆ సంగతే అడగాలి.