పడుకున్నట్టే ఉండి పడుకోని కంప్యూటర్

రండర్రా, ఇలా చాప మీద కూర్చోండి. ఇవాళ మీ పెద్దన్నయ్య ఆఫీసు కబురు.

వాడు పనిచేసేది మన పేట మోవాలోనే. 30 కంప్యూటర్లు. ఒక్కోదాని దగ్గరికి వెళ్లి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాలంటే రోజులు పడతాయి. అందుకని వాటన్నిటికీ పెద్దదిక్కుగా సర్వర్ ఉంటుంది. ఫలానా ప్యాకేజీ వేసుకోండి అని అక్కడ ఒక్కసారి రాసిపెడితే, పొద్దున్నే కంప్యూటర్ లేస్తూనే ఆ మాట చదువుకుని, మనిషి పాస్‌వర్డ్ కొట్టకముందే తనంతట తను వేసుకుంటుంది. విండోస్‌లో దీన్ని గ్రూప్ పాలసీ అంటారు. మనం లేవకముందే పాలబ్బాయి గేటు సంచిలో ప్యాకెట్లు వేసి పోతాడే, అలాగన్నమాట.

నాలుగు రోజులైనా 4 కంప్యూటర్లకి పాలు అందలేదు. "అన్నీ సరిగ్గానే పెట్టాను తాతయ్యా" అంటూ దిగాలుగా వచ్చాడు.

ముందు తాళం సంగతి అడిగాను. ప్యాకేజీ ఉన్న ఫోల్డర్ తెరిచే అనుమతి మనుషుల పేరు మీద ఉంటే చాలదు, కంప్యూటర్ల పేరు మీదా ఉండాలి. ఆ వేళకి మనిషి ఇంకా లాగిన్ కాలేదు కదా! చాలామంది పొరపాటుపడేది ఇక్కడే. వాడు పడలేదు. ఆ ఫోల్డర్‌కి దారి కూడా సర్వర్ పేరుతోనే ఇచ్చాడు.

"పోనీ, ఆ నాలుగూ ఎలాంటివిరా?"

కొత్తగా కొన్నవిట. అసలు కొన్నవి 5. రిసెప్షన్‌లో ఉన్న అయిదోదానికి మాత్రం మొదటి రోజే వచ్చేసింది. దాని యూపీఎస్ పాడైంది, కరెంటు పోతే టప్పున ఆరిపోతుంది. రానివాటిలో ఒకటి అకౌంట్స్ చూసే దీదీది. ఆవిడ రోజూ సాయంత్రం ఎంతో పద్ధతిగా షట్‌డౌన్ చేసిగానీ కుర్చీలోంచి లేవదు.

పద్ధతిగా ఆపినదానికి రాలేదు, టప్పున ఆరిపోయినదానికి వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది! టాస్క్ మేనేజర్ తెరిచి సీపీయూ కింద అప్ టైమ్ చూడమన్నాను. మర్నాడు దీదీ కంప్యూటర్ ముందు నిలబడే ఫోన్ చేశాడు. 23 రోజుల 7 గంటలు. రోజూ ఆపే యంత్రం 23 రోజులుగా మేలుకునే ఉందట.

దాని పేరు ఫాస్ట్ స్టార్టప్. 2012లో విండోస్ 8తో వచ్చింది. షట్‌డౌన్ నొక్కితే మన ఫైళ్లూ కిటికీలూ మూస్తుంది గానీ, లోపలి గుండెకాయ లాంటి కెర్నెల్‌ని ఉన్నది ఉన్నట్టు డిస్కు మీద దాచుకుంటుంది. పొద్దున్న దాన్నే తిరిగి మెమరీలోకి తెచ్చుకుంటుంది. తొందరగా తెరుచుకుంటుంది, నిజమే. కానీ మొదటినుంచీ లేవలేదు కాబట్టి, లేచేటప్పుడు చెయ్యాల్సిన పనులు ఆగిపోవచ్చు. రీస్టార్ట్ అలా కాదు, అంతా వదిలేసి మళ్లీ మొదలెడుతుంది. కరెంటు పోయినా అంతే. పాత కంప్యూటర్లలో ఈ ఫాస్ట్ స్టార్టప్‌ని ఎవరో ఎప్పుడో తీసేశారు.

"అయితే నాలుగింట్లోనూ ఇప్పుడే తీసేస్తా" అన్నాడు.

ఆగరా, ముందు ఒక్కదాంట్లో చెయ్యి అన్నాను. 2024 జూలై 19 నాకు బాగా గుర్తు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ మన ఉదయం 9:39కి ఒక చిన్న ఫైలు ఒకేసారి ప్రపంచమంతా పంపింది. ఆ సంస్థ ప్రోగ్రాం 21 విలువల కోసం చూసింది, చేతికి అందినవి 20. లేనిదాన్ని చదవబోయి కూలిపోయింది. 78 నిమిషాల్లో ఆ ఫైలు వెనక్కి తీసుకున్నా, మైక్రోసాఫ్ట్ లెక్కన 85 లక్షల యంత్రాలు అప్పటికే నీలి తెరతో నిలిచిపోయాయి. మన హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. బాగుచెయ్యడానికి చాలాచోట్ల మనుషులే ఒక్కో యంత్రం దగ్గరికీ వెళ్లి ఆ ఫైలు తుడవాల్సి వచ్చింది.

వాడు విన్నాడు. దీదీ కంప్యూటర్‌తోనే మొదలుపెట్టి, ఫాస్ట్ స్టార్టప్ తీసేసి, ఆవిడ చేతే రీస్టార్ట్ నొక్కించాడు. ఈసారి లేవడానికి కాస్త ఎక్కువసేపే పట్టిందట. పాస్‌వర్డ్ అడగకముందే సాఫ్ట్‌వేర్ వేస్తున్నానంటూ తెర మీద ఒక వరస కనిపించింది. దీదీ కుర్చీ ముందుకు లాక్కుని, అది పూర్తయ్యేదాకా కళ్లార్పకుండా చూస్తూ కూర్చుందట.