అలమేలు – ఒక నామధేయ వృత్తాంతం



తిరుచానూరులో అమ్మవారి దర్శనానికి బారులు తీరిన జనంలో నిలిచి "అలమేలూ!" అని పిలిస్తే, పూర్వం పలువురు ఆడపడుచులు వెనుదిరిగి చూసేవారు. నేడు ఆ పిలుపుకు పలికేది ఎక్కువగా అవ్వలే. పిల్లలకు ఆ పేరు పాతదిగా, అర్థం లేనిదిగా తోస్తున్నది. పాతదన్నమాట నిజమే. అర్థం లేనిదనడం మాత్రం పొరపాటు.

'అలర్ మేల్ మంగై' అనే తమిళ పదబంధం దీనికి మూలం. అలర్ అంటే పుష్పం, మేల్ అంటే పైన, మంగై అంటే మగువ. పుష్పంపై ఆసీనురాలైన తల్లి అని భావం. తెలుగువారి నోట రేఫం జారిపోయి 'అలమేలుమంగ' అయింది. అలిమేలు, అలివేలు, మంగమ్మ, మంగతాయారు దాని రూపాంతరాలే. 'అలి' అని చూసి తుమ్మెద అనే సంస్కృతార్థం లాగేవారున్నారు. ఆ శ్రమ అనవసరం. 'అలరు' అంటే తెలుగులోనూ పువ్వే. దేవుని పైన కట్టే వస్త్రాన్ని మనం మేలుకట్టు అంటాము, అందులోనూ ఆ 'మేలు' ఉన్నది. పొరుగు భాష నుండి వచ్చినా ఈ నామం మనకు పరాయిది కాదు.

నమ్మాళ్వారు తిరువాయ్‌మొళిలో వేంకటేశుని శరణు వేడినప్పుడు, స్వామి వక్షఃస్థలవాసినిని ఈ పేరుతోనే ముందుగా స్మరించారు. తల్లి సిఫారసు లేనిదే తండ్రి వద్దకు చేరలేమని శ్రీవైష్ణవుల విశ్వాసం. దానినే పురుషకారమంటారు.

ఆ తల్లినే వేంకటాచల మాహాత్మ్యం పద్మావతి అన్నది. నారాయణవనాన్ని ఏలిన ఆకాశరాజు యజ్ఞానికై భూమిని దున్నుతుండగా, సహస్రదళ పద్మంలో శిశువు లభించినదట. నారాయణవనం పూర్వం చిత్తూరు జిల్లాలోనిది, 2022 నుండి తిరుపతి జిల్లాలో ఉన్నది. తిరుపతిలో 1983లో నెలకొన్న మహిళా విశ్వవిద్యాలయానికీ పద్మావతి పేరే పెట్టారు. కుమార్తెకు పద్మావతి అని ముచ్చటగా పేరు పెట్టి, అలమేలు మోటు అనుకునే దంపతులు, ఆ రెండూ ఒకే భావానికి రెండు భాషల మాటలని ఎరుగరు.

ఈ పేరును తెలుగు లోగిళ్ళకు చేర్చిన పుణ్యం అన్నమాచార్యులది (1408–1503). బాలుడై చెప్పులతో కొండ ఎక్కుతూ అలసి పడిపోయిన ఆయనకు అలమేలుమంగే కనబడి, చెప్పులు విప్పమని చెప్పి, ప్రసాదం పెట్టినదని మనుమడు చిన్నన్న వ్రాశాడు. అన్నమయ్య అప్పుడే ఆ తల్లిపై శతకం చెప్పాడట. పిదప ఆయన కీర్తనలలో ఆ నామం ఎన్నిమార్లు వచ్చినదో లెక్కించడం కష్టం.

ఇక పిలుపు తగ్గడానికి మన ఆచారమూ కొంత కారణమని నాకు తోస్తుంది. మనుమరాలికి నాయనమ్మ పేరు పెట్టేవారు. అత్తగారి పేరును కోడలు నోట పలకరాదు గదా! అందువల్ల నామకరణం నాడు బియ్యంలో వ్రాసిన అలమేలు ఆ సాయంత్రానికే 'పాప' అయ్యేది. తిరుచానూరులో కుంకుమార్చన వేళ అర్చకస్వామి గోత్రంతోపాటు చదివినప్పుడు, తన పేరు విని ఆ పిల్లే తలెత్తి చూసేది.